పాత వాచీలను ఏమి చేద్దాము?



కుటుంబ దర్శనాలకు వెళ్ళినప్పుడు మేము దాదాపు ప్రతి ఇంటిలోనూ గమనించే సంగతి ఒకటున్నది. బీరువా సొరుగులో, పాత ఫోటోల ప్రక్కన, రెండు మూడు చేతి గడియారాలు పడి ఉంటాయి. ఒకదానికి బెల్టు తెగిపోయింది. ఒకదాని అద్దము గీతలు పడింది. ఇంకొకటి ఏ సంవత్సరములో ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. చేతిలోకి సెల్‌ఫోను వచ్చిన తరువాత వాటిని పెట్టుకొనేవారు లేరు. అలాగని పారవేయడానికీ మనసొప్పదు.

అవి ఖరీదైనవి కావు. అయినా చిన్నవాటిని గూర్చి కూడ ప్రభువు మనకు ఒక మాదిరి చూపించారు. ఐదు వేలమందికి ఆహారము పెట్టగలిగిన ఆయనే, మిగిలిన ముక్కలను నష్టపోనివ్వక పోగుచేయించారు (యోహాను 6:12, 13). మన సొరుగులో మిగిలినవాటికీ ఈ మాదిరి వర్తిస్తుంది.

ముందుగా వేరుచేయండి

ఒక ఆదివారము మధ్యాహ్నము వాటినన్నిటిని బయటికి తీసి, కీ ఇచ్చే వాచీలను ఒక ప్రక్క, సెల్ వేసే వాచీలను మరొక ప్రక్క పెట్టండి.

కీ వాచీలలో మన ఇండ్లలో ఎక్కువగా కనబడేవి హెచ్.ఎం.టి.వి. 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరులో వీటి తయారీ మొదలైంది. అల్లునికి వాచీ, సైకిలు, రేడియో పెట్టిన ఆ రోజులలో ఎందరో తండ్రుల చేతికి జనతా, పైలట్, సోనా వంటి వాచీలు ఉండేవి. మన హైదరాబాదు ఆల్విన్ కంపెనీ కూడ జపాను సీకో సహకారముతో వాచీలు తయారుచేసింది. 1984లో స్థాపించబడిన టైటాన్ వంటి కంపెనీల సెల్ వాచీలు వచ్చాక కీ వాచీలు వెనుకబడినవి. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము అనుమతించింది. ఇప్పుడు ఆ వాచీలను సేకరించేవారున్నారు. కాబట్టి విచారించకుండ పాత సామానులవానికి తూకానికి వేయవద్దు.

ఆగిన కీ వాచీ చెడిపోయినదని వెంటనే అనుకోకండి. చాలసార్లు లోపలి నూనె ఎండిపోయి, దుమ్ము పట్టి ఉంటుంది. బలవంతముగా కీ త్రిప్పక, పాత వాచీలు తెలిసిన పనివాని యొద్దకు తీసికొనిపోండి. శుభ్రముచేసి నూనె వేస్తే మరల నడవవచ్చు. ఆ పనివానికి కూడ ఒక పూట కూలి దొరుకుతుంది.

సెల్ వాచీ అయితే పాత సెల్‌ను తీయించండి. లోపలే వదిలివేస్తే అది కారి యంత్రమును తినివేస్తుంది. తీసిన సెల్ పిల్లల చేతికి అందకూడదు. బొత్తామువంటి సెల్ మ్రింగితే, ముఖ్యముగా లిథియము సెల్ అయితే, రెండు గంటలలోనే ఆహారనాళము కాలవచ్చు. అట్లు జరిగితే వాంతి చేయించక వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత సెల్‌లను చెత్తలో వేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసికొనేవారికి ఇవ్వాలి.

ఎవరికి ఇవ్వాలి?

సెకన్ల ముల్లు ఉన్న వాచీ ఒక ప్రాణమును కాపాడడానికి సాయపడగలదు. దగ్గు, ఆయాసమున్న పసిబిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కించి న్యుమోనియాను అనుమానిస్తారు. రెండు నెలలు నిండి సంవత్సరములోపు బిడ్డకు 50, ఏడాది నుండి ఐదేండ్లలోపు బిడ్డకు 40, అంతకు మించినా, వెంటనే వైద్యునికి చూపించాలి. మీ పల్లెలోని ఆశా కార్యకర్తనో, పసిబిడ్డ ఉన్న తల్లినో అడిగి చూడండి. నడిచే వాచీ వారికి అక్కరకు రావచ్చు.

హాస్టలులో చదివే పిల్లలకు కూడ ఇవ్వవచ్చు. నీట్ వంటి పరీక్షల హాలులోనికి వాచీని రానివ్వరు గాని, గదిలో సమయము పెట్టుకొని వ్రాయడం నేర్చుకొనేందుకు అది మంచిది. ఫోను చూచి సమయము తెలిసికొనబోయి గంట పోగొట్టుకొనే బాధ తప్పుతుంది. ఇక బాగుకాని వాచీని రిపేరు షాపుకే ఇచ్చివేయండి. దాని చక్రమో ముల్లో మరొక వాచీని నడిపిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. మనకు పనికిరానిది బీదలకు చాలునని తలంచకూడదు. కుంటిదానిని, రోగముగలదానిని బలిపీఠమునకు తెచ్చిన యాజకులను దేవుడు మలాకీ ద్వారా గద్దించెను (మలాకీ 1:8). కొత్త సెల్ వేయించి, బెల్టు మార్పించి, తుడిచి, సమయము సరిచేసి ఇవ్వండి. అప్పుడే అది కానుక.

నాన్నగారి వాచీ

కొన్ని వాచీలు ఇవ్వలేనివి. మాకు తెలిసిన ఒక కుటుంబములో తండ్రి ప్రభువునందు నిద్రించిన తరువాత ముగ్గురు అన్నదమ్ములు పొలము గొడవలేకుండ పంచుకొన్నారు. కాని ఆయన పాత కీ వాచీ దగ్గర మాట పెరిగింది. అంగడిలో దాని వెల ఎంతో కాదు. దానికొరకు ఇద్దరు ఒకే ఆరాధనకు వచ్చి, ఒకరినొకరు పలకరించుకొనక వెళ్ళేవారు. స్వాస్థ్యము పంచిపెట్టమని అడిగినవానికి ప్రభువు లోభమును గూర్చి చెప్పిన జవాబును (లూకా 12:13–15) వారితో కలిసి చదివి ప్రార్థించాము. చివరికి దారి చూపించినది తల్లియే. “మీ నాన్న దీనికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చి ప్రార్థనకు కూర్చునేవారు రా. ఎవరింట్లో కుటుంబ ప్రార్థన జరుగుతుందో వాళ్ళింట్లో ఉంచండి” అన్నది. ఇప్పుడది ఏడాదికొక ఇంట ఉంటున్నది. జ్ఞాపకార్థ కూడికనాడు చేతులు మారుతుంది. మూడు ఇండ్లలోను కుటుంబ ప్రార్థన జరుగుచున్నది.

కనుక ఒక వాచీని జ్ఞాపకముగా ఉంచుకోండి. దానిని ఎవరు ధరించారో, ఎలా బ్రదికారో ఒక చీటీపై వ్రాసి దానితో పెట్టండి. చెప్పేవారు లేకపోతే మనుమలకు అది వట్టి ఇనుపముక్కే. మిగిలినవాటిని మాత్రము దాచుకొనక ఇచ్చివేయండి.

మన దినములు లెక్కించడము నేర్పుమని మోషే ప్రార్థించాడు (కీర్తన 90:12). ఆగిన వాచీకి మరల కీ ఇవ్వగలము గాని, గడచిన గంటకు ఇవ్వలేము. ఇవ్వవలసినది ఉంటే, సమాధానపడవలసినవారు ఉంటే, ఈ వారమే ఆ పని చేద్దాము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.