కోలాగింజల విదేశవర్తకము: చిన్నరైతు తెలిసికొనదగిన సంగతులు

మన యిండ్లలో శుభకార్యమునకు తాంబూల మెట్టిదో, పశ్చిమ ఆఫ్రికా దేశములలో కోలాగింజ యట్టిది. ఇంటికి వచ్చిన యతిథికి ముందుగా కోలా నొసగి, పిమ్మటనే మాట మొదలుపెట్టుదురు. పెండ్లి నిశ్చయమునకును, నామకరణమునకును, తగవు తీర్చుటకును అది యుండవలసినదే. నమిలినపుడు మొదట చేదుగా నుండి, తరువాత నోటికి కొంచెము తీపు తగులును. కాఫీలోని కెఫీను అను పదార్థమే దీనియందు నూటికి సుమారు 2 పాళ్లుండుటచే అలసట తీరినట్లు తోచును. 1886లో అమెరికాలోని అట్లాంటా నగరమున పుట్టిన కోకాకోలా పానీయమునకు పేరులో సగము ఈ గింజవలననే వచ్చినది.

ప్రపంచములో కోలాను మిక్కిలిగా పండించు దేశము నైజీరియా. అచ్చటి చిన్నరైతు తన సరకును సముద్రము దాటించుటకు పూనినచో ఏయే మెట్లెక్కవలసి యుండునో, ఎచ్చట కాలుజారునో ఈ నెల సభ్యులయెదుట నుంచుచున్నాము. మన పొలములలో కోలా నాటుడని చెప్పుట మా యుద్దేశము గాదు. ఎగుమతి యన్నంతనే లాభమని తలచు మన మిరప, పసుపు రైతులకు ఈ వృత్తాంతము అద్దమువంటి దగునని మా నమ్మకము.

కోలా వర్తకము క్రొత్తది గాదు. హౌసా వర్తకులు నేటి ఘనా దేశపు అడవులనుండి ఈ గింజలను గాడిదలమీదను, మనుష్యుల తలలమీదను ఉత్తరదేశములకు గొనిపోవుచుండెడివారు. ఆ త్రోవలోని సలగా పట్టణము 19వ శతాబ్దమున పేరుమోసిన సంత. 1912 నాటికి లాగోసు రేవునుండి కానో నగరమువరకు రైలుమార్గ మేర్పడగా, లాగోసు చెంతనున్న అగేగే ప్రాంతపు రైతులు కోలాతోటలు విరివిగా వేసిరి. పూర్వము పొరుగుదేశమునుండి తెచ్చుకొనెడి సరకు క్రమముగా స్వదేశపు పంట యయ్యెను. నేటికిని పండినదానిలో అధికభాగము ఆ దేశముననే చెల్లుచున్నది. ఇది మొదట గమనింపదగిన విషయము. ఇంటిసంతలో అమ్ముకొనగల సరకే గావున, విదేశపు బేరము తప్పినను రైతు మునిగిపోడు.

ఇక విదేశములలో కొనువా రెవరు? రెండు తెగలవారు గలరు. లండను వంటి నగరములలో స్థిరపడిన పశ్చిమ ఆఫ్రికావారు వేడుకలకొఱకు పచ్చిగింజలను కోరుదురు. పానీయములు, మందులు చేయువారు ఎండుగింజలను కోరుదురు. పచ్చిగింజలలోను రెండు జాతులున్నవి. ఒక జాతిగింజ రెండు బద్దలుగా విడును; హౌసావారు 'గోరో' యని ప్రియముగా నమలునది యిదియే. రెండవజాతి మూడు, నాలుగు, అంతకెక్కువ బద్దలుగా విడును. ఇగ్బోవారు తమ మర్యాదలకు దీనినే వాడి, బద్దలను లెక్కించి శుభాశుభములను జూతురు. ఒకరు కోరిన జాతికి మారుగా వేఱొకటి పంపినచో, సరకెంత మేలైనను పనికిరాదు. కాబట్టి కొనువాడెవడో, వానికేమి కావలెనో తెలియక గింజ కొనరాదు.

ఎండుసరకు బేరమున లెక్క జాగ్రత్తగా వేయవలెను. పచ్చిగింజలో సుమారు సగము నీరే. అనగా ఒక కిలో ఎండుగింజలకు రెండు కిలోల పచ్చిగింజ లైనను కావలెను. కావున ఎండుధర పచ్చిధరకు రెట్టింపున్నదని సంతోషించువాడు, ఎండబెట్టిన కూలి, సంచులు, బండిబాడుగ, ఓడకేవు కలిపి చూచుకొన్న పిమ్మట నష్టమునే కనుగొనును.

పచ్చిసరకునకు వేఱు చిక్కు గలదు. కోలాగింజ ప్రాణముగల వస్తువు. కాయనుండి తీసిన గింజలను నీట నానవేసియైనను, ఆకులలో కప్పియుంచియైనను పైతోలు తొలగింతురు. పిదప కడిగి, నీరోడ్చి, పచ్చియాకులు పఱచిన గంపలలో నుంతురు. ఆకులు వాడినపుడెల్ల మార్చుచు, చెడిన గింజల నేరివేయుచుండవలెను. ఇట్లు సాకినచో గింజ నెలల తరబడి నిలుచును. గాలి సోకినచో వడలి తూనిక తగ్గును. తడి మిక్కుటమైనచో బూజుపట్టును. కోలా వర్తకమనగా సగము ఈ సాకుటయే.

అన్నిటికన్న పెద్దశత్రువు కోలాపురుగు. చెట్టుననే కాయ పగిలినను, దెబ్బతగిలినను అది గ్రుడ్లు పెట్టును. గిడ్డంగిలో గనబడు పురుగు తోటలోనుండి వచ్చినదే. కాయలు పగులకమున్నే కోయుట, రాలిన గింజలను నేలపై విడువకుండుట దీనికి మొదటి మందు. ఈ శ్రమకోర్వక కొందరు గంపలలో విషపుమందు చల్లుదురు. పురుగు చచ్చును, దానితోపాటు వర్తకమును చచ్చును. 2015లో ఐరోపా సమాఖ్య నైజీరియా ఎండుబొబ్బర్లలో డైక్లోర్వాసు అను మందు మిగిలియున్నదని వాని దిగుమతిని నిలిపివేసెను. ఆ నిషేధము పలుమారులు పొడిగింపబడెను. మందు చల్లినవారు కొందరు. శిక్ష దేశములోని రైతులందరిది. మనకును ఇట్టి యనుభవము గలదు. 2003లో మన దేశపు మిరపపొడిలో సూడాన్ రంగు ఐరోపాలో బయటపడగా, ఎగుమతియగు మిరపసరకునకు పరీక్ష తప్పనిసరి చేయబడెను.

కాగితముల పనియు స్వల్పము గాదు. నైజీరియాలో ఎగుమతిదారు ఆ దేశపు ఎగుమతి ప్రోత్సాహక మండలియందు నమోదు కావలెను. బ్యాంకుద్వారా ఎగుమతి ఫారమును నింపవలెను. సస్యరోగములు లేవని ప్రభుత్వ ధ్రువపత్రము పొందవలెను. సొమ్ము విషయమున మా సలహా యొక్కటే. తెలియనివానికి అరువుమీద సరకు పంపరాదు. మొదట మచ్చు పంపి, మెప్పు వ్రాతమూలముగా పొంది, కొంత సొమ్ము ముందుగానో, బ్యాంకు హామీపత్రముమీదనో చిన్నమొత్తము పంపుటయే మేలు. అప్పుచేసి ఓడనింపినవాడు, ఆ సరకు రేవున చిక్కినచో, తోటను గూడ పోగొట్టుకొనును.

ఒక్క రైతునకు గిడ్డంగి, ఏరుకూలి, పరీక్షరుసుము భారమగును. పదిమంది కలిసినచో అవి తేలికయగును. అంతకుమించి, ఒకరి గంపపై మఱియొకరి కన్ను ఉండును. మన దేశమున 2023లో జాతీయ సహకార ఎగుమతుల సంస్థ యేర్పడినది ఇట్టి యవసరము తీర్చుటకే. అయినను సంస్థ త్రోవ చూపగలదుగాని, సభ్యుడు తన బస్తాలో నేమి నింపెనో దానిని మార్చజాలదు.

మిరపయైనను, పసుపైనను, కోలాయైనను, సముద్రము దాటిన సరకు రైతు పేరును తనవెంట గొనిపోవును. బస్తామూతి కుట్టుటకుముందు ప్రతి సభ్యుడును ఈ మాట తలపోయునుగాక యని కోరుచున్నాము.