"నక్కో" తప్పు మాట కాదు.. మన ఇంటి ఉర్దూకీ ఒక వ్యాకరణం ఉంది

నారాయణఖేడ్‌లో పిల్లాడు ఇంట్లో "ఆతా బోల్కే బోలా" అంటాడు. చదువుకున్న చుట్టం ఎవరైనా వింటే వెంటనే "సహీ ఉర్దూ బోలో బేటా" అని సరిచేస్తారు. అదే పిల్లాడు తెలుగు బడిలో "వస్తనని చెప్పిండు" అంటే అక్కడ యాస అంటారు. రెండు చోట్లా తప్పే అయితే వాడు ఏం మాట్లాడాలి? చాలామంది పిల్లలు క్లాసులో నోరు మూసుకుని కూర్చోవడానికి ఇదీ ఒక కారణమే. భాషాశాస్త్రం చదివినవాళ్లు మాత్రం ఈ రెండు వాక్యాలనూ తప్పు అనరు, పక్కపక్కన పెట్టి చూస్తారు.

పుస్తకాల ఉర్దూలో అయితే "ఉస్‌నే కహా కి వో ఆయేగా" అనాలి. "కి" మధ్యలో వస్తుంది, అసలు విషయం దాని తర్వాత. దక్కనీలో విషయం ముందు, "బోల్కే" తర్వాత. తెలుగులోనూ అంతే: "వస్తను" ముందు, "అని" తర్వాత. ఆ "అని" కూడా "అను" అనే క్రియ నుంచి వచ్చిందే. అంటే మాటలు ఉర్దూవి, వాక్యం కట్టు తెలుగుది. పదాలు వాక్యంగా ఎలా కుదురుతాయో చూసే ఈ శాఖను వాక్యనిర్మాణం అంటారు.

ధ్వనుల శాఖ మన పిల్లలకు కొత్తేం కాదు. మక్తబ్‌లో తజ్వీద్ నేర్పేటప్పుడు మఖ్రజ్ చెప్తారు కదా, ఖాఫ్ కొండనాలుక దగ్గర, కాఫ్ దానికంటే కొంచెం ముందు అని. అచ్చం అదే ధ్వనిశాస్త్రం. 8వ శతాబ్దంలోనే సీబవైహ్ అరబీ అక్షరాల ఉచ్చారణ స్థానాలను వివరంగా రాసిపెట్టాడు. దక్కన్ మాటల్లో ఆ ఖాఫ్ వేరే శబ్దంగా మారింది, అందుకే ఇక్కడ కలాన్ని "ఖలం" అంటారు. తిలావత్‌లో మఖ్రజ్ తప్పకూడదు, అది వేరే సంగతి. బజారులో "ఖలం" అనడం మాత్రం ఇక్కడి వాడుక.

పదనిర్మాణంలో దక్కనీయే సులువు. కితాబ్ కితాబాఁ, లోగ్ లోగాఁ, అన్నిటికీ ఒకటే సూత్రం. "నక్కో", "ఐసాయిచ్"లో చివరి "చ్" మరాఠీ నుంచి వచ్చాయి. "మేరేకు"లో "కు" మాత్రం "నాకు" నుంచి రాలేదు, అది ఉర్దూ "కో"కి దగ్గరి చుట్టం. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన ఒకే ఇంటివి కావు.

ఇన్ని భాషలు ఇక్కడ ఎలా కలిశాయంటే, 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ చుట్టుపక్కలే. ఇలాంటి సరిహద్దు ఊరే మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్. గంపర్జ్, విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని మీద 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. అక్కడ ఉర్దూ, కన్నడ, మరాఠీ ఇళ్లు తరతరాలుగా పక్కపక్కన ఉన్నాయి. ఎవరి భాష వాళ్లు వదల్లేదు, కానీ వాక్యాల కట్టు చాలావరకు ఒకటైపోయింది. ఒక భాష వాక్యాన్ని ఇంకో భాషలోకి దాదాపు మాటకు మాట మార్చేయొచ్చు.

తెలుగు కూడా తీసుకుంది. రైతు అనే మాట "రఇయ్యత్" నుంచి వచ్చింది, అసలు అర్థం పాలనలో ఉన్న ప్రజలు. అరబీలో ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. ఖేడ్ మార్కెట్‌లో కంది అమ్మే రైతుకు అవి పంటల పేర్లు. అర్థం ఇలా జరిగిపోవడాన్ని చూసేది అర్థశాస్త్రం (డబ్బుల అర్థశాస్త్రం కాదు).

మరి దక్కనీని తక్కువ చేసిందెవరు? 15వ శతాబ్దంలో బహమనీల కాలంలోనే "కదమ్ రావ్ పదమ్ రావ్" మస్నవీ ఈ భాషలో వచ్చింది. 1635లో గోల్కొండలో వజ్‌హీ "సబ్‌రస్" రాశాడు. తర్వాత ఉత్తరాది ఉర్దూ దర్బారు, అచ్చు, బడి భాష అయ్యేసరికి దక్కనీ ఇంటికి పరిమితమైంది. భాషకు హోదా ఎలా వస్తుంది, ఎలా పోతుందన్నది సామాజిక భాషాశాస్త్రం చూస్తుంది.

పరీక్షలో "మైనే ఖాయా" అనే రాయాలి, లేకపోతే మార్కులు పోతాయి. దాన్ని నేర్పాల్సిందే. అయితే "నువ్వు తప్పు మాట్లాడుతున్నావ్" అని నేర్పడం ఒకటి, "ఇంట్లో మై ఖాయా, పుస్తకంలో మైనే ఖాయా" అని తేడా చూపించి నేర్పడం ఇంకొకటి. రెండో పద్ధతిలో పిల్లాడికి అమ్మీ, నానీల మాట మీద సిగ్గు పుట్టదు. ఆ నానీ దగ్గర వంటకీ, వ్యవసాయానికీ సంబంధించి డిక్షనరీలో దొరకని మాటలు ఎన్నో ఉంటాయి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో తెలుగు రైతుల మాటలతో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది, ఊళ్లు తిరిగి జనం నోటి నుంచి విని రాసుకున్నవే అవన్నీ. ఇప్పుడైతే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి నానీ పక్కన కూర్చుంటే చాలు.