సముద్రపు బురదలో కొలువు

ఒకచోట తీసిన సముద్రపు బురదలో 40 రకాల జీవులున్నాయి, ఒక్కో రకం అయిదారే. మరోచోట రెండే రకాలు, కానీ వేలల్లో. ఏ నీళ్లు బాగున్నట్టు? జీవం ఎక్కువుంది కదా అని చాలామంది టక్కున రెండోది అంటారు. సరైన జవాబు మొదటిది. మెరైన్ బయాలజీ వైపు వెళ్లాలనుకునేవారు ముందు ఈ లెక్క తెలుసుకోవాలి.

నగరాల మురుగు, పొలాల ఎరువులు, రొయ్యల చెరువుల నీరు తీరంలో కలిస్తే నత్రజని, భాస్వరం పెరుగుతాయి. దాంతో నాచుజాతి సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి, చచ్చి అడుక్కి చేరతాయి. వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మోతాదు కొంచెమైతే అడుగు జీవులకు తిండి దొరికి రకాలు పెరుగుతాయి కూడా. మించితేనే తంటా. లోతుగా బొరియలు చేసుకుని ఏళ్లతరబడి బతికే పెద్ద జీవులు ముందు పోతాయి. ఆ ఖాళీలోకి త్వరత్వరగా పిల్లలు పెట్టే చిన్న పురుగులు దిగుతాయి. ఇంకా ముదిరితే కుళ్లిన కోడిగుడ్డు వాసనేసే నల్లబురదే మిగులుతుంది. ఈ వరుసను పియర్సన్, రోజెన్‌బర్గ్ 1978లో వివరించారు.

మన దగ్గరి ఉదాహరణ విశాఖ లోపలి హార్బరు. సముద్రంతో దానికున్న సంబంధం సన్నటి కాలువే కావడంతో చేరిన మురుగు త్వరగా బయటికి పోదు. అక్కడి బురదలో కాపిటెల్లా కాపిటాటా అనే ఎర్రటి సన్నపురుగు గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980ల్లోనే రాశారు. కాలుష్యానికి గుర్తుగా ప్రపంచమంతా చూసే పురుగిది. తమాషా ఏంటంటే, అది ఒకటి కాదు, చూడటానికి ఒకేలా ఉండే ఆరు జాతులని 1976లో అమెరికాలో తేల్చారు.

ఉద్యోగం ఉన్నది సరిగ్గా ఇక్కడే. గ్రాబ్‌తో బురద తీయడం, అర మిల్లీమీటరు జల్లెడలో కడగడం, ఫార్మలిన్‌లో దాచడం ఎవరైనా నేర్చుకుంటారు. మైక్రోస్కోప్ కింద తల, వెంట్రుకలు చూసి జాతి పేరు చెప్పగలిగేవాళ్లే తక్కువ. ఓడరేవుల పర్యావరణ ప్రభావ నివేదికలకు ఈ పేర్లే ఆధారం. తప్పు రాస్తే చెడిన తీరం కూడా కాగితం మీద బాగున్నట్టే కనిపిస్తుంది.

జువాలజీ డిగ్రీ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ పీజీ చేయొచ్చు. పరిశోధనకైతే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాయాలి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రెండింటికీ విశాఖలో కేంద్రాలున్నాయి. ప్రాజెక్టు పోస్టులు మాత్రం కాంట్రాక్టువే, ప్రాజెక్టుతోనే ముగుస్తాయి. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి దిగడం మంచిది.