పాత యంత్రానికి కొత్త వేషగాడు

క్రీ. శ. 1086లో ఇంగ్లండు రాజు విలియం వ్రాయించిన భూముల లెక్కల గ్రంథం ‘డూమ్స్‌డే బుక్’ నేటికీ చదువ వీలుగానే ఉన్నది. దాని 900వ ఏటి పండుగకని 1986లో బి.బి.సి. వారు బడిపిల్లల చేతా, పెద్దల చేతా ఊరూరి విశేషాలు వ్రాయించి, ఫోటోలతో సహా లేజర్ డిస్కులకు ఎక్కించారు. వాటిని చూడడానికి బి.బి.సి. మాస్టర్ కంప్యూటరు, ప్రత్యేకమైన డిస్కు యంత్రం కావలసి వచ్చేవి. పదిహేనేండ్లకే ఆ యంత్రాలు అరుదైపోయాయి. డిస్కు ఉన్నా చదివే దిక్కు లేదు!

2002 నాటికి లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వారు ‘ఎమ్యులేటర్’ అనే ప్రోగ్రాము సిద్ధం చేశారు. దానితో కొత్త కంప్యూటరు పాతదాని వేషం కడుతుంది. పాత ప్రోగ్రాము తేడా ఎరుగదు. అయితే చెరిగిపోయిన డిస్కును ఏ వేషగాడూ బ్రతికించలేడు. కనుక ఇంట పాత క్యాసెట్లు, ఫ్లాపీలు ఉన్నవారు ఇప్పుడే నకళ్లు తీయించుకొనవలె.