మా మడిలో ఇసుక మేట.. ఇప్పుడు మాకో పీహెచ్‌డీ కావాలి!

పై వీడియోలో నేను నిలబడ్డది వాగు ఒడ్డు కాదు, నా వరి మడి. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మా కామారెడ్డి జిల్లాల పడ్డ వాన మీకు యాదికుండే ఉంటది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఎల్లారెడ్డి వైపు 1922 నాటి పోచారం ప్రాజెక్టు కట్ట తెగుతుందేమోనని అందరం భయపడ్డం. నిలబడ్డది. మా వాగు పక్క ఎకరం మాత్రం మోకాలి లోతు ఇసుక కింద పోయింది.

ఈసారి కషాయాల గురించి కాదు, చదువు గురించి రాస్తున్న. ఎందుకో చెప్తా.

"కొలిచినవా అన్నా?"

"ప్రకృతి సేద్యం చేస్తే ఎంత వానైనా నేల తాగేస్తది" అని పాత వీడియోలో గొప్పగా చెప్పిన. వరద తర్వాత ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిండు: "కొలిచినవా అన్నా?" నా దగ్గర జవాబు లేదు.

నా మీది చెలక మక్కలో నీళ్లు రెండు రోజుల్లో ఇంకినయి. పక్క రైతు చేనులో నాలుగు రోజులు నిలిచినయి. అది ఆచ్ఛాదన, జీవామృతం పుణ్యమేనా? ఆయన చేను పల్లంలో ఉంది, పైగా నల్లరేగడి. నాది ఎర్ర చెలక. తేడా సేద్యానిదా, నేలదా? అగ్రికల్చర్ డిప్లొమాలో చదివింది ఇక్కడిదాకే పనికొచ్చింది. ఈ ముడి విప్పాలంటే ఒకే రకం నేలల్లో, రెండు పద్ధతుల్లో, మూడు నాలుగు వానాకాలాలు ఇంకుడు వేగం, సేంద్రియ కర్బనం కొలవాలి. అదే పీహెచ్‌డీ పని.

రిస్క్ అంటే వాన ఒక్కటే కాదు

శాస్త్రవేత్తలు వాతావరణ రిస్క్‌ను మూడు ముక్కలు చేసి చూస్తరు. ఒకటి ముప్పు, అంటే ఆ వాన. రెండోది ముప్పు దారిలో ఏమున్నదని, అంటే వాగు పక్కన నా మడి. మూడోది తట్టుకునే శక్తి ఎంత తక్కువుందని. కౌలు, అప్పు, బీమా లేకపోవడం అందులోకి వస్తయి. వాన ఇద్దరికీ ఒక్కటే. సొంత భూమి ఉన్న నేను మళ్లీ నాటేసిన, కౌలుకు చేసిన మా బాబాయి నాటేయలేకపోయిండు.

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా సంస్థ 2019లో ఈ లెక్కతోనే దేశంలోని గ్రామీణ జిల్లాలకు రిస్క్ అట్లాస్ చేసింది. 109 జిల్లాలు అతి ఎక్కువ, 201 జిల్లాలు ఎక్కువ రిస్క్‌లో ఉన్నాయని తేల్చింది. మంచి పని. కానీ అది జిల్లా లెక్క. మాకు కావాల్సింది ఊరి లెక్క, వాగు లెక్క.

మా దగ్గర తయారుగా ఉన్న ప్రశ్నలు

1. ఒకే నేలలో ప్రకృతి సేద్యం, రసాయన సేద్యం చేస్తే అతివృష్టిని ఏది ఎంత తట్టుకుంటది?
2. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కింది వాటి గతేంది? మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులు, తీయనివి ఎట్ల నిలిచినయి?
3. మండలంలో ఒక చోటి వానమానిని నమ్ముకొని బీమా కడితే, పక్క ఊరి నష్టం అందులో కనబడుతదా?

ఎక్కడ చదవాలి?

రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అగ్రానమీ, సాయిల్ సైన్స్ పీహెచ్‌డీలు ఉన్నయి. మన పక్కనే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో వాతావరణ మార్పుల మీదే ఒక విభాగం ఉంది. క్రీడా, పటాన్‌చెరు ఇక్రిశాట్ సొంతంగా డిగ్రీ ఇవ్వవు. యూనివర్సిటీలో నమోదై అక్కడ పరిశోధన చేసుకునే వీలు చూసుకోవాలి. 2011లో మొదలైన ఐకార్ 'నిక్రా' ప్రాజెక్టు పనినీ గమనించండి.

పైసల సంగతి: యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం వేరే. వ్యవసాయ కోర్సులకు ఐకార్ పరీక్ష వేరుగా ఉంటది. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చదవండి.

ఒక్క మాట. గైడ్‌ను కలిసేటప్పుడు "వాతావరణ మార్పు మీద చేస్తా సార్" అంటే చాలదు. ఏ వాగు, ఏ పంట, ఏం కొలుస్తరు, ఈ మూడు చెప్పండి.

మా ఇంటి ముచ్చట

మా మేనకోడలు సాయిల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ అయిపోయింది. "ఇంకో నాలుగైదేండ్లా? గ్రూప్స్ రాయరాదు బిడ్డా" అంటడు మా బావ. ఆయన భయం తప్పు కాదు, ఇసుక తీయించిన అప్పు ఇంకా మీదుంది. వరద తర్వాత ఆ పిల్ల మా రెండు చేన్ల మట్టి సంచుల్లో కట్టి, తేదీలు రాసి పెట్టింది. మొన్న బావ ఆ సంచులు చూసి, "ఇది తేలితే మళ్లొచ్చే వానకు మనం ఏం చేయాల్నో తెలుస్తదా?" అని అడిగిండు. "తెలుస్తది మామా" అనలేదు ఆమె. "తెలుసుకోవచ్చు నాయినా" అన్నది. ఈసారి జేఆర్‌ఎఫ్ రాస్తాంది.

మీరు పరిశోధన విద్యార్థులైతే మా చేన్లకు రండి. ఆరేండ్ల సాగు నోటుబుక్కు ఇస్త, ప్లాటు ఇస్త, అన్నం పెడ్త. ఫలితం నేను చెప్పిన మాటకు ఎదురొచ్చినా సరే, ఇదే చేనులో నిలబడి మళ్లొక వీడియో చేస్త.