మిద్దె మీది స్తంభము, చెవికడ ఫోను

కడపనుండి రాయచోటికి బోవుచు గువ్వలచెరువు కనుమ నెక్కునపుడు ఫోనులోని సిగ్నలు గీతలొక్కొక్కటిగా సన్నగిల్లుట ఈ దారి నెఱిగినవారికి క్రొత్తగాదు. కాని గీతలు తగ్గినకొలది, దూరపు సెల్ స్తంభమునకు మాట నందింపవలెనని చేతిలోని ఫోను తన శక్తినంతయు గూడదీసికొని తరంగములను వెదజల్లుచుండునని యెఱిగినవా రరుదు. పాత 2జి ఫోను స్తంభము చేరువ నున్నపుడు కొలది మిల్లీవాట్లతో సరిపెట్టుకొనును, దవ్వైనపుడు 2 వాట్ల దాక బోవును.

ఎదురింటి మిద్దెపై స్తంభము లేచుచున్నదన్న వీథివారందఱు భయపడుదురు. ఆ భయమును నేను చులకన చేయజాలను. పసిబిడ్డల తల్లి యడిగిన ప్రశ్నకు బదులు చెప్పుట ప్రభుత్వపు విధి. ఈ తరంగములు ఎక్స్‌రేలవలె అణుబంధములను ద్రెంపజాలవు, వీనివలన గలుగునని నిశ్చయమైనది దేహధాతువులు కించిత్తు వేడెక్కుటయే. స్తంభముపై ఆంటెన్నా తన కిరణమును అడ్డముగా దూరమునకు విసరునే గాని తన పాదమున గ్రుమ్మరింపదు. దీపము క్రింద చీకటి యన్న మాట ఇచట అక్షరాల చెల్లును.

2012 సెప్టెంబరు 1 నుండి కేంద్ర టెలికాం శాఖ స్తంభముల తరంగతీవ్రతను అంతర్జాతీయ పరిమితిలో పదియవ వంతునకు దగ్గించి, 900 మెగాహెర్ట్జు వద్ద చదరపు మీటరునకు 0.45 వాట్లుగా విధించెను. తన స్తంభ మీ పరిమితిని మీఱలేదని కంపెనీ స్వయముగా ధ్రువపత్ర మీయవలెను; శాఖాధికారులు కొన్ని స్తంభములను తామే కొలిచి చూతురు. 2017 మే నెలలో వెలసిన ‘తరంగ్ సంచార్’ అను వెబ్‌సైటు ద్వారా, 4000 రూపాయలు చెల్లించి, ఏ పౌరుడైనను తన యింటికడ కొలిపించుకొనవచ్చును. పేదవానికి ఆ రుసుము బరువేయని నా యభిప్రాయము.

ఫోనునకు వేఱొక కొలత గలదు. మాటలాడువాని దేహము గ్రహించు శక్తి, ఒక గ్రాము ధాతువుపై సగటున, కిలోకు 1.6 వాట్లు మించరాదు. దీనినే ‘సార్’ అందురు. *#07# నొక్కినచో పెక్కు ఫోనులు తమ యంకెను జూపును. ప్రపంచారోగ్యసంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 2011లో ఈ తరంగములను ‘క్యాన్సరు కారకములు కావచ్చును’ అను 2బి తరగతిలో జేర్చెను. 2024లో ఆ ప్రపంచారోగ్యసంస్థయే చేయించిన విస్తృత సమీక్షలో, ఫోను వాడుకకును మెదడు క్యాన్సరునకును సంబంధము గానరాలేదు. అయినను దూరము పాటించుటకు ఖర్చేమియు లేదు గదా!

మా యెఱుకలో నొక యవ్వ గలదు. కువైటు పోయిన కొడుకుతో, మట్టిమిద్దె లోపలిగదిలో, గోడకానుకొని, మాట సరిగా వినరాదని ఫోనును చెవి యెఱ్ఱబారునట్లు అదుముకొని గంటలకొలది మాటలాడుచుండెను. “అవ్వా, అరుగు మీదికి రా, రొంత ఎడంగా పెట్టుకో” యని చెప్పి స్పీకరు నొక్కి యొడిలో నుంచితిని. బయట గీతలు నిండుగా వచ్చెను. “ఏమ్మా, తింటివా?” యన్న కొడుకు మాట అరుగు దాటి వీథి వీథంతయు వినవచ్చెను.