గిటార్‌లో దోమల రొద ఎందుకు?

ఎలక్ట్రిక్ గిటార్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపి వాయించి చూశారా? పాటల్లో గర్జించే వాద్యం ఉప్పులేని పప్పులా చప్పగా వినిపిస్తుంది. ఎందుకు?

చాలా ఎలక్ట్రిక్ గిటార్లకు వీణకున్నట్టు బోలు కుండ ఉండదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్ల సన్నని రాగితీగ ఉంటాయి. గిటార్ తీగ కంపిస్తే ఆ రాగిచుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని పాటగా మార్చాల్సింది ఆంప్లిఫయర్. ఇంట్లో ఆ పని చేసిపెట్టేదే ఆంప్ సిమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్.

సోలలో బియ్యం గోపురంగా పోసి, పైన చేత్తో చదును చేస్తారు కదా! ఆంప్ కూడా తన శక్తికి మించిన తరంగాల తలలను అలాగే కోసేస్తుంది. ఆ కోతలోంచే గరగరలాడే కొత్త ధ్వనులు పుడతాయి. సాఫ్ట్‌వేర్ ఆ కోతను లెక్కలతో చేస్తుంది.

కోత ఒక్కటే ఉంటే దోమల రొదే! నా దృష్టిలో అసలు రహస్యం స్పీకర్ పెట్టెలో ఉంది. 12 అంగుళాల గిటార్ స్పీకర్ జల్లెడలాంటిది. సెకనుకు సుమారు 5,000 కంపనాలు దాటిన కీచుదనాన్ని చాలావరకు ఆపేస్తుంది. నిజమైన పెట్టె ముందు మైకు పెట్టి, అది ఎలా మోగుతుందో ముందే రికార్డు చేస్తారు. అది ఆ పెట్టె వేలిముద్ర. సాఫ్ట్‌వేర్ దాన్ని మీ గిటార్ ధ్వనికి అద్దుతుంది.

ఈసారి సాఫ్ట్‌వేర్‌లో కోతను పెంచే గెయిన్‌ను కాస్త తగ్గించి, ముందు స్పీకర్ పెట్టెలు మార్చి వినండి.